బ్రాడ్‌మూర్ బతికే ఉంది



తుఫాను గురించి మన కోస్తా జనానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆశ్వయుజ, కార్తీక మాసాలు వచ్చాయంటే బంగాళాఖాతం వైపు ఒక చెవి వేసి ఉంచడం మనకు అలవాటే. అయితే ఏ తుఫాను వార్తలైనా మనం వినేది మహా అయితే ఓ వారం రోజులు. తీరం దాటిందంటారు, ఇంతమంది పోయారంటారు, ఇన్ని కోట్ల నష్టమంటారు. విని అయ్యో అనుకుంటాం, తర్వాత మన పనుల్లో పడిపోతాం. ఎనిమిదో రోజు నుంచి ఆ ఊళ్లో ఏం జరుగుతుందో మన చెవిన పడదు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ఎనిమిదో రోజు తర్వాతి సంగతి.

2005లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరాన్ని కత్రినా హరికేన్ ముంచెత్తింది. హరికేన్ అన్నా, మన తుఫాను అన్నా ఒకటే. అట్లాంటిక్ సముద్రంలో పుడితే హరికేన్ అంటారు, మన సముద్రంలో పుడితే తుఫాను అంటాం. ఆ నగరంలో బ్రాడ్‌మూర్ అనే పేట ఉంది. తుఫాను వెళ్లిన నాలుగు నెలలకు ఆ పేటను పార్కుగా మార్చవచ్చని నగర పెద్దలు ప్రతిపాదించారు. అక్కడి జనం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం పెద్ద విశేషమేమీ కాదు, ఇల్లు పోతుందంటే ఎవరు ఒప్పుకుంటారు? ఆ తర్వాత వాళ్లు చేసిన పని మాత్రం మనం తెలుసుకోదగ్గది, నేర్చుకోదగ్గది.

ముందు ఆ ఊరి భూగోళం కాస్త చెప్పాలి. న్యూ ఆర్లియన్స్‌కు ఒక పక్క మిసిసిపీ నది, ఇంకో పక్క పాంచర్‌ట్రేన్ అనే పెద్ద సరస్సు. నది ఒడ్డు ఎత్తుగా ఉంటుంది. నడుమ నేల చాలాచోట్ల సముద్రమట్టం కన్నా పల్లం. అంటే ఊరు మూకుడులో కూర్చున్నట్టు ఉంటుంది. పడిన వాన తనంతట తాను బయటికి పోదు, పంపులతో కాలువల్లోకి తోడి సరస్సులోకి పంపాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాల్డ్విన్ వుడ్ అనే ఇంజనీరు భారీ పంపులు రూపొందించాక, అంతకుముందు చిత్తడిగా ఉన్న నేలల్లో కూడా ఇళ్లు లేచాయి. బ్రాడ్‌మూర్ అలా వెలసిన పేటే. ఒకప్పుడు వాన గట్టిగా పడితే చెరువయ్యే చోటు. 2000 జనాభా లెక్కల్లో అక్కడ ఏడు వేల పైచిలుకు మంది ఉండేవారు. ఎక్కువమంది నల్లజాతివారు, తెల్లవారు పాతిక శాతం దాకా. పెద్ద ఉద్యోగస్తులు, చిన్న జీతాలవాళ్లు, సొంత ఇళ్లవాళ్లు, అద్దెకున్నవాళ్లు పక్క పక్క వీధుల్లోనే బతికేవారు.

2005 ఆగస్టు 29, సోమవారం ఉదయం కత్రినా తీరం దాటింది. ముందురోజు ఆదివారం ఊరు ఖాళీ చేయమని మేయర్ ఆజ్ఞ ఇచ్చాడు. కార్లున్నవాళ్లు కదిలారు. కార్లు లేనివాళ్లు, ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లు, చేతిలో డబ్బు లేనివాళ్లు వేల సంఖ్యలో ఉండిపోయారు. అసలు నష్టం గాలి వల్ల రాలేదు. సముద్రం నుంచి తోసుకొచ్చిన ఉప్పెన సరస్సును నింపి కాలువల్లోకి ఎగదన్నింది. కాలువ గట్ల మీద కట్టిన వరద గోడలు పలుచోట్ల తెగిపోయాయి. వాటిలో కొన్ని, ఏ ఎత్తు నీటికి తట్టుకోవాలని కట్టారో ఆ ఎత్తుకు నీరు చేరకముందే కూలాయి. ఆ గోడలు కట్టిన ఆర్మీ ఇంజనీర్ల సంస్థే డిజైన్‌లో లోపం ఉందని 2006లో ఒప్పుకుంది. అందుకే ఆ ఊరివాళ్లు ఇప్పటికీ ఇది ప్రకృతి చేసిన పని అంటే ఒప్పుకోరు, కట్టలు తెగడం మనుషుల తప్పు అంటారు. నగరంలో ఎనభై శాతం నీట మునిగింది. ఆ తుఫానుకు చనిపోయినవాళ్లు 1,833 మంది అని చాలాకాలం చెప్పుకున్నారు. అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం లెక్కలు తిరగేసి 2023లో ఆ సంఖ్యను 1,392గా సవరించింది.

రేడియోలో మాట్లాడుతూ రేడియో చేసిన మేలు చెప్పకపోతే తప్పు. ఆ రోజుల్లో కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు. డబ్ల్యు.డబ్ల్యు.ఎల్. అనే పాత రేడియో స్టేషన్ మాత్రం ప్రసారం ఆపలేదు. మామూలు రోజుల్లో పోటీపడే స్టేషన్లు కూడా దానితో చేతులు కలిపి ఉమ్మడిగా ప్రసారాలు చేశాయి. ఫలానా వీధిలో అటక మీద చిక్కుకున్నామని, మా అమ్మ జాడ తెలియడం లేదని జనం చెప్పుకోవడానికి దొరికిన గొంతు అదొక్కటే.

సెప్టెంబరు మొదటి వారం గడిచేసరికి ఊరు దాదాపు ఖాళీ. లక్షలమంది హ్యూస్టన్, అట్లాంటా, బేటన్ రూజ్ లాంటి ఊళ్లకు చెల్లాచెదురయ్యారు. ఎవరు ఏ బస్సు ఎక్కారో, ఆ బస్సు ఎక్కడికి పోయిందో కూడా కొందరికి తెలియదు. నీళ్లు పూర్తిగా తోడెయ్యడానికి అక్టోబరు రెండో వారం వచ్చింది.

అప్పుడు తిరిగొచ్చి తలుపు తీసిన కుటుంబానికి ఏం కనిపించిందో ఒక్క నిమిషం ఊహించండి. బయట గోడ మీద స్ప్రే పెయింటుతో పెద్ద గుణకారం గుర్తు. దాని నాలుగు గడుల్లో గాలింపు బృందాలు రాసిన వివరాలు: పైన వెతికిన తేదీ, ఎడమ పక్క బృందం పేరు, కుడి పక్క లోపల పొంచి ఉన్న ప్రమాదం, కింది గడిలో దొరికిన మనుషుల లెక్క. కింద సున్నా ఉంటే ఆ ఇల్లు అదృష్టవంతుల ఇల్లు. గోడల చుట్టూ నీళ్లు నిలిచిన మట్టానికి గోధుమరంగు చార. లోపల సోఫా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తేలిపోయి ఉంటుంది. పైకప్పు దాకా నల్లటి బూజు. వారాలకొద్దీ కరెంటు లేని ఫ్రిజ్ తలుపు తెరిస్తే మనిషి నిలవలేడు. అందుకే దాన్ని తెరవకుండానే టేపు చుట్టి వీధిలో పెట్టేవారు. వీధి పొడవునా ఇంటికొకటి చొప్పున టేపు చుట్టిన ఫ్రిజ్‌లు, వాటి పక్కన తడిసి ముద్దయిన పరుపులు, పెళ్లి ఫోటోల ఆల్బమ్‌లు. అక్కడి ఇళ్లు ఎక్కువగా చెక్క చట్రం మీద జిప్సం పలకలు బిగించి కట్టినవి. ఆ పలకలన్నీ ఊడబీకి, మేకులు లాగి, ఇంటిని అస్థిపంజరం చేసి ఆరబెట్టాలి. ఆ తర్వాతే కొత్త గోడ మాట. ఇంత పనీ ముసలి దంపతుల వల్ల అవుతుందా?

పని ఒక ఎత్తు, మనసులోని ప్రశ్న ఇంకో ఎత్తు. "సరే, నేను బాగు చేయించుకుంటాను. పక్కింటివాళ్లు వస్తారా? బడి తెరుస్తారా? కొట్టు ఉంటుందా? రాత్రిపూట వీధి మొత్తానికి నా ఇంట్లో ఒక్క దీపమే వెలుగుతుంటే పిల్లల్ని ఎలా పెట్టుకుని ఉండేది?" ఆ పక్కింటివాళ్లు హ్యూస్టన్‌లో ఒక అద్దెగదిలో కూర్చుని సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకుంటున్నారు. అందరూ రావాలనే అనుకుంటున్నారు, ముందు ఎవరైనా వస్తే చూద్దామని అందరూ ఆగిపోయారు. డబ్బు ఉన్నా తెగని ముడి ఇది. తుఫాను తర్వాత ఖాళీ అయిపోయిన చాలా పేటల్లో మొదట బిగిసేది ఈ ముడేనని నా అభిప్రాయం.

ఇలాంటి స్థితిలో 2006 జనవరి 11 వచ్చింది. ఊరిని ఎలా తిరిగి కట్టాలో చెప్పడానికి మేయర్ రే నేగిన్ వేసిన కమిషన్ తన నివేదిక బయటపెట్టింది. ఆనాటి స్థానిక పత్రిక టైమ్స్ పికయూన్‌లో మొదటి పేజీలో నగర పటం అచ్చయింది. ఆ పటంలో పల్లపు ప్రాంతాల మీద ఆరు పెద్ద పచ్చ చుక్కలు. అక్కడ పార్కులు, ఖాళీ నేలలు రావచ్చని దాని అర్థం. ఒక చుక్క బ్రాడ్‌మూర్ మీద పడింది. మునిగిన పేటలకు నాలుగు నెలలు గడువు ఇవ్వాలనీ, తగినంత మంది తిరిగొస్తారని ఆలోగా నిరూపించుకోవాలనీ కమిషన్ సూచించింది.

ప్రణాళికలు వేసినవాళ్ల మాటలో పస లేకపోలేదు. సగం జనంతో మిగిలిన ఊరు పాత విస్తీర్ణమంతటికీ నీళ్లు, కరెంటు, మురుగుకాలువలు ఎలా ఇవ్వగలదు? మళ్లీ మునిగే పల్లంలో మళ్లీ ఇళ్లు ఎందుకు? అడగవలసిన ప్రశ్నలే. అయితే ఆ ఇళ్లల్లో పుట్టి పెరిగినవాళ్లను ఎవరూ అడగలేదు. తమ పేట బతుకుతుందో లేదో వాళ్లు పరాయి ఊళ్లో పత్రిక చూసి తెలుసుకున్నారు. అందులోని అవమానం వాళ్లను నిద్రపోనివ్వలేదు.

కొద్ది రోజుల్లోనే వందలమంది బ్రాడ్‌మూర్ వీధుల్లో గుమిగూడారు. "బ్రాడ్‌మూర్ బతికే ఉంది" అని బ్యానర్లు రాసి కట్టారు. ఇళ్ల ముందు గడ్డిలో అవే మాటలతో బోర్డులు పాతారు. అక్కడ కొన్ని దశాబ్దాలుగా నడుస్తున్న ఒక పేట సంఘం ఉంది, బ్రాడ్‌మూర్ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్. అప్పట్లో దాని అధ్యక్షురాలు లటోయా క్యాంట్రెల్. తర్వాత 2018లో ఆమె ఆ నగరానికి తొలి మహిళా మేయర్ అయ్యారు. సంఘానికి అప్పటికి సరైన ఆఫీసు కూడా లేదు. అయినా ఊరేగింపుతో సరిపెట్టుకోకుండా అసలు పనికి దిగింది.

ఆ పని వినడానికి చాలా చిన్నది. పట్టిక తయారు చేయడం. ప్రతి వీధి ముక్కకూ ఒక బాధ్యుణ్ని పెట్టుకున్నారు. ఆ వీధిలో ఏ ఇంట్లో ఎవరుండేవారు, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు, ఫోను నంబరేమిటి, తిరిగొస్తారా, రాలేకపోతే అడ్డం ఏమిటి అని కనుక్కోవడం అతని పని. సొంత ఇళ్లవాళ్ల జాడ తీయడం తేలిక. అద్దెకున్నవాళ్ల జాడ తీయడం కష్టం. ఒకరి నంబరు దొరికితే ఆ మనిషి ఇంకో ముగ్గురి కబురు చెప్పేవాడు. ఇలా ఒకరి వెనక ఒకరుగా పేట మళ్లీ కాగితం మీద నిండింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "మీ పక్కింటివాళ్లు వస్తున్నారు, ఎదురింటివాళ్లు పని మొదలుపెట్టారు" అని చెప్పగలిగిన రోజున, ఇందాక చెప్పానే, ఆ ముడి విడిపోవడం మొదలైంది. రావాలా వద్దా అని ఒంటరిగా కొట్టుమిట్టాడుతున్నవాళ్లకు తోడు దొరికింది. నగర అధికారుల ముందు పెట్టడానికి రుజువూ దొరికింది.

తర్వాత సమావేశాలు. పేటను మూడు భాగాలుగా చేసుకుని, ఇళ్ల బాగుకు ఒక కమిటీ, చదువుకు ఒకటి, అత్యవసర సన్నద్ధతకు ఒకటి, ఇలా పంచుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని కెనడీ స్కూల్ నుంచి విద్యార్థులు, అధ్యాపకులు సాయానికి వచ్చారు. ఇంకా చాలా కాలేజీల పిల్లలు వచ్చారు. కొలతలు, సర్వేలు, కాగితపు పని బయటి నుంచి వచ్చినవాళ్లది. నిర్ణయం మాత్రం పేటవాళ్లది. 2006 జూలైకి వందల పేజీల ప్రణాళిక తయారైంది. నగరం మొత్తానికి ఒక ప్రణాళిక తర్వాత ఇంకో ప్రణాళిక వస్తూ పోతూ ఉంటే, బ్రాడ్‌మూర్ చేతిలో తన సొంత ప్రణాళిక సిద్ధంగా ఉంది. ఏ దాత వచ్చి "ఏం కావాలి" అని అడిగినా వెంటనే చూపించడానికి కాగితం ఉంది. సాయం కావలసినవాళ్లు చాలామంది ఉంటారు. తమకేం కావాలో వరసగా రాసి పెట్టుకున్నవాళ్లు తక్కువ. సాయం ముందు వాళ్లకే చేరుతుంది, అది ఎక్కడైనా ఉన్న తీరే.

పేటలోని ఒక ఎపిస్కోపల్ చర్చి ఆవరణ పనికి కేంద్రమైంది. సెలవుల్లో వచ్చిన కాలేజీ పిల్లలు, వేరే రాష్ట్రాల చర్చి బృందాలు అక్కడ పడుకుని, పగలంతా ముసుగులు కట్టుకుని ముసలివాళ్ల ఇళ్లు ఊడదీసి శుభ్రం చేశారు. ప్రభుత్వ నష్టపరిహారం దరఖాస్తులు నింపడం రానివాళ్ల పక్కన కూర్చుని నింపిపెట్టేవాళ్లను సంఘం ఏర్పాటు చేసింది. ఫారం నింపిపెట్టడం కూడా ఇల్లు నిలబెట్టడంలో భాగమే. ఒక్క కాగితం తప్పుపోయి నెలల తరబడి పరిహారం ఆగిపోయిన కుటుంబాలు ఆ ఊళ్లో ఎన్నో.

వాళ్లు ముందు పెట్టుకున్న పనుల్లో రెండిటిని ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి బడి, రెండోది గ్రంథాలయం. బడి లేకపోతే పిల్లలున్న కుటుంబం రాదు. ఆండ్రూ విల్సన్ బడి 2010లో తిరిగి తెరుచుకుంది. రోజా కెల్లర్ గ్రంథాలయం ఒక పాత బంగళాలో ఉండేది, అదీ మునిగింది. న్యూయార్క్‌లోని కార్నెగీ కార్పొరేషన్ దాని కోసం ఇరవై లక్షల డాలర్లు ఇచ్చింది. 2012లో గ్రంథాలయాన్నీ, పేట జనం కలుసుకునే హాలునూ కలిపి తెరిచారు. అందులోనే ఒక కాఫీ కొట్టు కూడా పెట్టారు. దాని పేరు గ్రీన్ డాట్ కేఫ్. అంటే పచ్చ చుక్క కాఫీ కొట్టు. తమను చెరిపేయాలని ఏ గుర్తు పెట్టారో ఆ గుర్తునే బోర్డు మీద రాసుకుని, దాని కింద కూర్చుని కాఫీ తాగారు. 2010 జనాభా లెక్కల నాటికి పేటలో ఐదు వేల పైచిలుకు మంది ఉన్నారు. పాత జనమంతా రాలేదు. పచ్చ చుక్క కింద పార్కు కూడా రాలేదు.

ఇదే ఊరి తూర్పు కొసన ఇంకో పేట కథ చెబుతాను. వియత్నాం యుద్ధం 1975లో ముగిశాక దేశం విడిచి వచ్చిన వియత్నామీలు అక్కడ స్థిరపడ్డారు. ఊరివాళ్లు ఆ చోటిని వెర్సైల్స్ అంటారు. కాలువగట్ల పక్కన ఆకుకూరలు, దుంపలు పండించుకోవడం, శనివారం తెల్లవారకముందే సంత పెట్టుకోవడం వాళ్ల అలవాటు. వాళ్లందరికీ కేంద్రం మేరీ క్వీన్ ఆఫ్ వియత్నాం చర్చి. కత్రినా వెళ్లిన ఆరేడు వారాలకే, ఇంకా కరెంటు రాకముందే, అక్కడి ఫాదర్ వియెన్ ఆదివారం ప్రార్థన మొదలుపెట్టారు. మొదటి వారం వందల్లో వచ్చారు, తర్వాతి వారాల్లో ఇంకా ఎక్కువమంది వచ్చారు. కరెంటు కంపెనీ, అంత ఖాళీ ప్రాంతానికి లైను ఎందుకన్నట్టు మాట్లాడితే, ఫాదర్ ఆ ప్రార్థనలో నిండిన జనం ఫోటోలూ, ఇంటింటి సంతకాలూ తీసుకెళ్లి ముందు పెట్టారు. కరెంటు వచ్చింది. తర్వాత, కూలిన ఇళ్ల శిథిలాలు పోయడానికి ఆ పేటకు దగ్గర్లో చెత్తదిబ్బ తెరిస్తే, అప్పటిదాకా ప్రభుత్వంతో గట్టిగా మాట్లాడి ఎరగని పెద్దవాళ్లు కూడా అట్టలు పట్టుకుని రోడ్డెక్కారు. 2006 ఆగస్టులో ఆ దిబ్బ మూతపడింది. 2008లో ఆ ఊరి నుంచి జోసెఫ్ కావ్ అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు, ఆ సభలో అడుగుపెట్టిన తొలి వియత్నామీ అమెరికన్ అతనే.

ఈ రెండు కథలు విని, "ఐకమత్యం ఉంటే చాలు, అన్నీ అవే వస్తాయి" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే అదే ఊళ్లో లోయర్ నైన్త్ వార్డ్ ఉంది. అక్కడ ఐకమత్యానికి లోటు లేదు. తరతరాలుగా సొంత ఇళ్లలో ఉన్న నల్లజాతి కుటుంబాలు, ఒకే వీధిలో అమ్మమ్మ, పిన్ని, మేనమామ ఇళ్లున్న పేట అది. పక్కనున్న ఇండస్ట్రియల్ కాలువ గోడ తెగి నీళ్లు గోడలా వచ్చిపడ్డాయి, ఇళ్లు పునాదుల మీంచి లేచిపోయాయి. నెల తిరక్కముందే రీటా తుఫాను మళ్లీ ముంచింది. మిగతా ఊరు బాగుచేసుకోవడం మొదలుపెట్టాక కూడా, ఆ పేటలో ఎక్కువ భాగం జనాన్ని డిసెంబరు దాకా అడుగు పెట్టనివ్వలేదు. అప్పుడు కూడా వచ్చి చూసి వెళ్లిపొమ్మన్నారు. తాతల ఇల్లు మనుమల పేరు మీదకు కాగితాల్లో మారకపోవడంతో చాలామంది తమ ఇల్లు తమదేనని రుజువు చేసుకోలేకపోయారు.

రోడ్ హోమ్ అనే ప్రభుత్వ పరిహార పథకం ఇంకో దెబ్బ. ఇల్లు కట్టుకోవడానికి ఎంత ఖర్చవుతుందో, తుఫానుకు ముందు ఆ ఇంటికి బజారులో ఎంత ధర పలికేదో చూసి, రెండిట్లో తక్కువదాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఒకే కొలత ఇల్లు కట్టడానికి సిమెంటుకూ కలపకూ కూలికీ అన్ని పేటల్లోనూ ఒకటే ఖర్చు. కాని నల్లజాతి పేటల్లో ఇళ్ల బజారు ధర తక్కువ. కాబట్టి అదే నష్టానికి వాళ్లకు తక్కువ డబ్బు వచ్చింది. దీని మీద కోర్టుకు వెళ్లారు, 2011లో రాజీ కుదిరింది. అప్పటికి ఆరేళ్లు గడిచిపోయాయి. 2000లో పద్నాలుగు వేల మంది ఉన్న లోయర్ నైన్త్ వార్డ్‌లో 2010 నాటికి మూడు వేల మంది కూడా లేరు. సినీనటుడు బ్రాడ్ పిట్ పెట్టిన సంస్థ అక్కడ నూరుకు పైగా కొత్త ఇళ్లు కట్టించింది. కొన్నేళ్లకే వాటిలో చాలా ఇళ్లు కారడం, చెక్క కుళ్లడం మొదలై, అవీ కోర్టుకెక్కాయి.

అందుచేత నా మాట ఇది. ఇరుగుపొరుగుల కట్టు లేకపోతే పేట లేవదు. ఆ కట్టు ఉన్నా, పాలకులు దారి మూసేస్తే కూడా పేట లేవదు. మొదటిది మన చేతిలో ఉంది. రెండోది మనం అడిగి, కొట్లాడి సాధించుకోవాలి. మొదటిది ఉన్నవాళ్లకే రెండోదాని కోసం కొట్లాడే బలం ఉంటుంది.

ఈ కట్టు తుఫాను వచ్చాక పుట్టదు. న్యూ ఆర్లియన్స్‌లో సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్బులని ఉంటాయి. బానిసత్వం పోయిన రోజుల్లో నల్లజాతివాళ్లకు బీమా ఇచ్చేవాళ్లు లేరు. అందుకని వాళ్లే తలా కొంచెం చందా వేసుకుని, జబ్బు చేస్తే వైద్యానికీ, పోతే ఖననానికీ ఖర్చు పెట్టుకునే సంఘాలు కట్టుకున్నారు. ఆ సంఘాలే ఏడాదికోసారి బ్యాండుతో వీధుల్లో ఊరేగుతాయి. ముందు సంఘంవాళ్లు, వెనక ఊరంతా గొడుగులు తిప్పుతూ చిందులేస్తూ నడుస్తారు. దాన్ని సెకండ్ లైన్ అంటారు. 2006 జనవరిలో, సగం ఊరు ఇంకా చీకట్లో ఉండగా, పదులకొద్దీ క్లబ్బులు కలిసి పెద్ద సెకండ్ లైన్ తీశాయి. హ్యూస్టన్ నుంచి, అట్లాంటా నుంచి రాత్రంతా కార్లు నడుపుకుంటూ వచ్చినవాళ్లున్నారు. ఇళ్లు లేకపోతే ఈ ఆటాపాటా ఏమిటని బయటివాళ్లు కొందరు అడిగారు. ఆ ఊరేగింపులో ఎవరు బతికున్నారో, ఎవరు ఎక్కడున్నారో ఒకరికొకరు కళ్లారా చూసుకున్నారు. ఏ అర్జీ, ఏ ఫారం చేయలేని పని అది.

సోమవారం వచ్చిందంటే ఆ ఊరి ఇళ్లల్లో ఎర్రచిక్కుళ్లు, అన్నం వండుతారు. పూర్వం సోమవారం బట్టలు ఉతికే రోజు. పొయ్యి మీద గింజలు పెట్టేస్తే అవే ఉడుకుతూ ఉంటాయి, ఆడవాళ్లు ఉతుకుడు పని చూసుకోవచ్చు. వాషింగ్ మెషీన్లు వచ్చినా ఆ వంట పోలేదు. ఇళ్లు బాగయ్యేదాకా వాటి ముందు నిలిపిన ట్రైలర్లలో, అంటే చక్రాల మీది తాత్కాలిక ఇళ్లలో, కాపురం ఉన్న రోజుల్లో, ఒకరింట్లో పొయ్యి వెలిగితే ఆ గిన్నె వీధివాళ్లందరిదీ. పేట తిరిగొచ్చిందని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి గుర్తు తెలియదు.

ఇక మన సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ దుఃఖం నుంచి మనం ఒక పాఠం గట్టిగా నేర్చుకున్నాం. తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టుకున్నాం, హెచ్చరిక రాగానే జనాన్ని తరలించడం నేర్చుకున్నాం. 1990 మే నెలలో వచ్చిన తుఫాను కూడా చాలా తీవ్రమైనదే. అప్పుడు పోయినవాళ్లు వెయ్యి లోపు. ఒక్క ప్రాణం పోయినా బాధే, కాని పదివేలకూ దానికీ నడుమ ఉన్న తేడా ముందుచూపు తెచ్చిన తేడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడినప్పుడు మహానగరం కూడా ఎంత సున్నితమైనదో చూశాం. చెట్టు మిగల్లేదు, రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్టుకు బారులు తీరాం. పక్క ఫ్లాట్‌లో ఎవరుంటున్నారో అప్పుడే మొదటిసారి తెలుసుకున్నవాళ్లు ఎంతమందో.

ప్రాణాలు కాపాడుకోవడం మనం బాగానే నేర్చుకున్నాం. తిరిగి నిలబడటానికి ముందుగా సిద్ధపడటం ఇంకా నేర్చుకోలేదు. వాయుగుండం పుట్టాక చేసే పని కాదిది, ఆకాశం తేటగా ఉన్నప్పుడే చేసుకోవాలి. అందుకు ఖర్చు లేదు, ఒక నోటుపుస్తకం చాలు.

తీరప్రాంతపు శ్రోతలకు నా మనవి ఇదే. మీ వీధిలోనో, మీ అపార్ట్‌మెంట్‌లోనో నలుగురు కూర్చుని ఒక పట్టిక రాయండి. ఏ ఇంట్లో ఎవరున్నారు, వాళ్లకు వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఫోను నంబరేమిటి, ఒంటరి వృద్ధులెవరు, మంచం దిగలేనివాళ్లెవరు, రోజూ మందు తప్పనివాళ్లెవరు అన్నీ రాయండి. అద్దెకున్నవాళ్లను, కూలికి వచ్చి పాకల్లో ఉంటున్నవాళ్లను వదిలేయకండి. ఏ ఊళ్లోనైనా ముందు లెక్క తప్పేది వాళ్లే. ఇంటి కాగితాలు మీ తాతగారి పేరు మీదే ఉండిపోతే ఈ ఏడాదే మీ పేరు మీదకు మార్పించుకోండి, ఒక నకలు వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంచండి. చెదిరిపోతే మళ్లీ ఎక్కడ కలుసుకోవాలో, గుడో, చర్చో, మసీదో, బడో, ముందే అనుకుని పెట్టుకోండి. మీ వార్డు గురించి ఎవరైనా పటాలు గీస్తుంటే ఆ సమావేశానికి వెళ్లి కూర్చోండి, మాట్లాడండి.

ఆ పట్టికలో మొదటి పేరు ఇవాళ సాయంత్రమే రాయండి. అది మీ పక్కింటివారి పేరై ఉండాలి.